మా మేనత్త గీసిన తుంపర

బడికి బయల్దేరుతుండగా నాన్న ఫోన్ చేశాడు. నాన్న ఫోన్‌లో ముందు దగ్గుతాడు, ఆ తర్వాతే మాట్లాడతాడు. ఇన్నేళ్లలో ఆ దగ్గే మాకు పలకరింపు అయిపోయింది. ఆ రోజు దగ్గు లేదు. "అక్క పోయింది బిడ్డా," అన్నాడు. నాన్నకు అక్క, నాకు మేనత్త. "నిద్రల్నే పోయింది. మీ అమ్మ చాయ్ తీస్కపోయి లేపితే లేవలే," అని, అప్పుడు దగ్గాడు. చాలాసేపు దగ్గాడు.

నేను వికారాబాద్‌లో టీచర్ని. అమ్మా నాన్నా మేనత్తా తాండూరులో ఉంటారు. మేనత్త సంగతి వరకు ఇక ఉండేది అనాలి. బడికి సెలవు చెప్పి దొరికిన రైలెక్కాను. ధారూరు దాటేదాకా ఏడుపు రాలేదు. ఎదుటి సీట్లో ఒకావిడ సంచిలోంచి జామకాయ తీసి, కొంగుకు తుడిచి, కొరికే ముందు అటూ ఇటూ తిప్పి చూసింది. పురుగుందేమోనని చూసి ఉంటుంది. నాకు మాత్రం ఇక ఆగలేదు.

జామకాయను చూడటం నాకు నేర్పింది మా మేనత్తే. అత్తమ్మ అని పిలిచేదాన్ని. సెలవులకు వచ్చినప్పుడల్లా నన్ను వాకిట్లో ఎదురుగా కూర్చోబెట్టుకుని, మధ్యలో జామకాయ పెట్టేది.

"ఎదురుంగ సూడు. ఎట్లుంది?"

"గుండ్రంగ."

"పక్కకెళ్లి?"

"జర పొడుగు. తొడిమ దిక్కు సన్నగుంది."

"ఇప్పుడు లేషి మీదికెళ్లి సూడు."

లేచి చూసేదాన్ని. పైనుంచి తొడిమ ఒక చుక్క, దాని చుట్టూ ఒక గీత, అంతే. మూడు బొమ్మలూ గీసి చూపించాకే కాయ నా చేతికొచ్చేది. "ఒక్క దిక్కుకెళ్లి సూసి గీస్తే సగం అబద్ధం బిడ్డా," అనేది. అప్పుడు నాకు ఆ మాట కంటే జామకాయే ముఖ్యం.

మాది బంట్వారం వైపు గొర్లు కాసుకున్న కుటుంబం. తాతకు మందను దూరం నుంచి ఒక్కసారి చూసి ఏ గొర్రె తప్పిపోయిందో చెప్పే చూపు ఉండేదట. ఆ చూపే తనకు వచ్చిందని అత్తమ్మ గొప్పగా చెప్పుకునేది. తాత పోయాక నాయనమ్మ పిల్లలిద్దరినీ తీసుకుని బండల పనికి తాండూరు వచ్చింది. తమ్ముడు, అంటే మా నాన్న, చదువు మధ్యలోనే ఆపేసి కంకర మిషన్‌లో చేరాడు. అక్క హైదరాబాద్‌లో ఐటీఐ చదివి, ఇనుప రాయి తవ్వి ఉక్కు తయారుచేసే ఒక పెద్ద కంపెనీలో చేరి దూరంగా వెళ్లిపోయింది. యంత్రాల బొమ్మలు గీసే పని, ఆడమనిషైనా ఆమె ఉద్యోగం పేరు డ్రాఫ్ట్స్‌మనే. "పేరు మారుస్తరా మరి?" అని నేనడిగితే, "పేరుకేం ఫికర్, గీత సక్కగుండాలె," అనేది.

పెళ్లి చేసుకోలేదు. ఎవరైనా అడిగితే "యాదికి రాలే" అని నవ్వేది. నిజానికి ఒక సంబంధం నిశ్చయం దాకా వెళ్లి ఆగిందని నాయనమ్మ ద్వారా తెలుసు. ఎందుకు ఆగిందో నాయనమ్మ చెప్పలేదు, నేను అడగలేదు.

ఆమె గీసే బొమ్మలు మామూలు బొమ్మలు కావు. కంపెనీలో ఎవరైనా కొత్త పరికరం కనిపెడితే, అది తమదని ప్రభుత్వం దగ్గర పేటెంట్ తీసుకుంటారు. ఆ దరఖాస్తుకు బొమ్మలు కావాలి. ప్రతి భాగానికీ ఒక బాణం గీత, చివర ఒక అంకె. కొలిమి మూతలు, గని బండ్ల బ్రేకులు, బెల్టుకు అంటిన మట్టిని గీకే పలకలు, ఇలా ఆ కంపెనీ పేటెంట్ తీసుకున్నవి ఎన్నో ఆమె పెన్సిల్ గీసినవే. ఆ అలవాటు ఇంట్లోనూ పోలేదు. మా అమ్మ మిక్సీ ఆగిపోతే దాని ముందు కూర్చుని, "ఒకటి మూత, బాగనే ఉంది. రెండు గిన్నె, బాగనే ఉంది. మూడు బ్లేడు. ఆఁ, మూడుకు కోపమొచ్చింది," అనేది. అమ్మ నవ్వేది. నన్ను కూడా అలాగే చూసేది. పరీక్షలో మార్కులు తగ్గి ఏడుస్తుంటే, "ఏ నంబరు కాడ తక్లీఫ్?" అని అడిగేది.

ఇన్ని పేటెంట్లలో ఒక్కదానిలో మాత్రం ఆమె పేరు కూడా ఉంది. దాని గురించి మీకు చెప్పాలి.

గనిలో రాయి బెల్టు మీద ప్రయాణం చేస్తుంది. ఒక బెల్టు చివర నుంచి కిందనున్న ఇంకో బెల్టు మీద పడే చోట దుమ్ము లేస్తుంది. దాన్ని అణచడానికి అందరూ నీళ్లే చల్లుతారు. అందులో రెండు ఇబ్బందులు. రాయి రాని సమయంలోనూ నీళ్లు పడితే బెల్టంతా బురద. ఇక దుమ్ము పట్టి నీళ్లు చిమ్మే నాజిల్ మూతులు పూడుకుపోతాయి. ఆమె పై అధికారి, ఆమె ఎప్పుడూ 'పెద్దసార్' అని పిలిచే ఇంజనీర్, ఒక ఉపాయం ఆలోచించాడు. రాయి పడే దారిలో ఒక పలకను వేలాడదీస్తే, రాయి తోసినప్పుడు పలక లేచి నీళ్లు తెరుచుకుంటాయి. రాయి ఆగితే పలక పడి నీళ్లు ఆగుతాయి. కరెంటు అక్కర్లేదు, కాపలా అక్కర్లేదు. ఆ బొమ్మ గీస్తూ అత్తమ్మ ఆగింది. పలక ఊగుతుంది కదా, ఊగేదానికి ఒక పాత బెల్టు రబ్బరు ముక్క బిగిస్తే నాజిల్ మూతిని అదే తుడుస్తుంది కదా అనిపించింది. పక్కన సన్నగా గీసి చూపించింది. పెద్దసార్ చూసి, ఇంకో ఇద్దరు ఇంజనీర్లను పిలిచి చూపించి, "ఇది నీదమ్మా. నీ పేరు రాయకపోతే నేను సంతకం పెట్టను," అన్నాడట. ఆ మాట చెప్పినప్పుడల్లా అత్తమ్మ సార్ గొంతు అనుకరించేది. అలా ఆ తుంపర పలక పేటెంట్ మీద నాలుగో పేరు ఆమెదైంది.

ఆ కాగితం నకలు తీసుకుని ఇంటికొచ్చిన రోజు నాకు గుర్తుంది. నాయనమ్మ దాన్ని వెనక్కీ ముందుకీ తిప్పింది.

"గీ కాయితం దేనికి బిడ్డా?"

"మేం జేసినట్టు ఇంకొకలు జెయ్యొద్దని అవ్వా."

నాయనమ్మకు అర్థం కాలేదు. "మంచిదేనంటివి గద. మంచిది ఇంకొకలు జేస్తే మీకేం పోతది?"

అత్తమ్మ నవ్వింది. "ఎప్పటికీ గాదవ్వా. కొన్నేండ్లే. ఆటెన్క అందరిదీ అయితది," అంది. నాయనమ్మ తల ఊపింది కానీ ఒప్పుకున్నట్టు లేదు.

కొన్నేళ్లు గడిచాయి. నాన్న దగ్గు మొదలైంది. మొదట చలికాలంలో వచ్చేది, తర్వాత కాలంతో పని లేకుండా వచ్చేది. ఒకసారి సెలవులో ఉన్న అత్తమ్మ అమ్మ కట్టిచ్చిన టిఫిన్ తీసుకుని, నన్ను వెంటబెట్టుకుని కంకర మిషన్ దగ్గరికి వెళ్లింది. నాన్న పనిచేసే చోటు ఆమె చూడటం అదే మొదటిసారి. రాయి నలిగి ఒక బెల్టు మీంచి ఇంకో బెల్టు మీద పడుతోంది. ఆ పడేచోటే నాన్న నిలబడి ఉన్నాడు. బెల్టుకు అవతల ఇంకొకతను ఉన్నాడు. మనిషి ఆకారం తెలుస్తోంది కానీ దుమ్ములో ముఖం తెలియటం లేదు. అత్తమ్మ టిఫిన్ పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. తను వందసార్లు గీసిన బొమ్మ ఆమె ఎదుట ఉంది, లోపల తన తమ్ముడు ఉన్నాడు.

ఇంటికొచ్చాక నాన్నే అడిగాడు. "అక్కా, నువ్వు మీ కంపెనీల పెట్టిచ్చిన పలక ఈడ పెట్టరాదు?"

"అది కంపెనీది తమ్మీ."

"నీ పేరుంది గద దాంట్ల."

"పేరు నాదే. హక్కు కంపెనీకి రాసిచ్చి సంతకం పెట్టిన. అడగకుండ జెయ్యొద్దు."

నాన్న ఊరుకున్నాడు. వంటింట్లోంచి వింటున్న మా అమ్మ ఊరుకోలేదు. గరిటె చేతిలోనే ఉంది. "తమ్ముని పాణం కన్న మీ కంపెనీ ఎక్కువనా వదినా? ఈడ ఎవ్వడొచ్చి సూస్తడు? ఏ పోలీసొస్తడు?" అంది. అమ్మ అంత గట్టిగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. అత్తమ్మ లేచింది. వాకిట్లోకి వచ్చి నా పక్కన కూర్చుంది. నాకు అమ్మ మీద కోపం వచ్చింది. అది నా ముఖంలో కనిపించినట్టుంది. "అమ్మను ఏమనకు. మీ అమ్మ దిక్కుకెళ్లి సూస్తె గట్లనే కనవడ్తది. అదీ నిజమే," అంది.

తిరిగి వెళ్లగానే అనుమతి అడిగింది. అప్పటికి పెద్దసార్ రిటైరై వెళ్లిపోయాడు. కొత్తగా వచ్చినవాళ్లు మంచిగానే విన్నారు, పెద్దాఫీసుకు పంపామన్నారు. జవాబు రాలేదు. మళ్లీ అడిగింది. చూస్తున్నారన్నారు. ఈలోగా ఏదో ఒకటి చేయాలని, ఎవరికీ హక్కులేని మామూలు పద్ధతిలో, పైపుకు రంధ్రాలు పెట్టి నీళ్లు పట్టించమని నాన్నకు చెప్పింది. మిషన్ ఓనరు సేటు ఒప్పుకున్నాడు. కొన్నాళ్లకే రంధ్రాలు పూడుకుపోయాయి, తడిసిన పొడి జల్లెడకు అంటుకుంది. సేటు పైపు పీకించేశాడు. అతన్ని అనడానికేం లేదు. ఇబ్బంది సరిగ్గా ఆ రెండు చోట్లే వస్తుందని అత్తమ్మకు ముందే తెలుసు.

నాన్నకు మెట్లెక్కితే ఆయాసం వచ్చే స్థితి వచ్చింది. డాక్టరు ఇక ఆ దుమ్ములోకి పోవద్దన్నాడు. పని మానేసిన రోజు నాన్న ఇంటికొచ్చి తన టిఫిన్ గిన్నె తనే తోమి బోర్లించాడు. ఆ వారంలో అత్తమ్మ రోజూ ఫోన్ చేసింది. 

రిటైరయ్యాక ఆమె తాండూరుకే వచ్చేసింది. ముందుగది ఆమెది. గోడకు ఆనించి పాత డ్రాయింగ్ బోర్డు, కిటికీలో బ్లేడుతో చెక్కిన పెన్సిళ్లు. పొద్దున లేచి నాన్నను చేయి పట్టుకుని వీధి చివరి దాకా నడిపించి తీసుకొచ్చేది. ఇద్దరిలో ఆమె పెద్దది, కానీ చూసేవారు నాన్ననే అన్న అనుకునేవారు. మా అమ్మకూ ఆమెకూ మధ్య పాత మాట అలాగే ఉంది. ఇద్దరూ మర్యాదగా ఉండేవారు, చాయ్ గ్లాసులు అందించుకునేవారు. కానీ ఆ మర్యాద ఎక్కువైందని నాకు తెలిసేది.

ఒక ఆదివారం నేను అక్కడ ఉండగా పెద్దసార్ ఫోన్ చేశాడు. కూతురి దగ్గరికి ఇల్లు మారామని చెప్పడానికి చేశాడు. అత్తమ్మకు ఒక చెవి సరిగా వినబడదు కాబట్టి స్పీకర్ పెట్టింది. మాటల మధ్యలో ఆయన పాత పనులు తలుచుకుంటూ, "మన తుంపర పలక గుర్తుందా అమ్మా? నీ రబ్బరు ముక్క?" అన్నాడు.

"ఎందుకు గుర్తుండదు సార్. కంపెనీల ఇంక నడుస్తుందా అది?"

"ఎక్కడమ్మా! ఎప్పుడో కొత్త యంత్రాలు పెట్టుకున్నారు. పేటెంట్ కూడా వదిలేశారు. ఏటా ఫీజు కట్టాలి కదా, దీనికింకెందుకని మానేశారు. నేనింకా అక్కడుండగానే జరిగిందది. ఇప్పుడది ఎవరైనా చేసుకోవచ్చు."

అత్తమ్మ ఫోన్ వైపు చూస్తూ ఉండిపోయింది.

"ఏమ్మా, లైన్లో ఉన్నావా?"

"ఉన్న సార్. మీరుండంగనేనా?"

"అవును. నీకెవరూ చెప్పలేదా?"

"లేదు సార్."

"అయ్యో, నేనైనా చెప్పాల్సింది. చిన్న విషయమని అనుకున్నాను," అన్నాడాయన. ఆయనకు మా నాన్న సంగతి తెలియదు. అత్తమ్మ చెప్పలేదు. ఆయన ఆరోగ్యం, మనవరాలి చదువు అడిగి, నమస్కారం చెప్పి ఫోన్ పెట్టేసింది.

అంటే ఆమె అనుమతి అడిగిన నాటికే అడగాల్సిన అవసరం లేదు. పెద్దాఫీసులో ఎవరూ ఆ ఫైలు తెరిచి కూడా చూసి ఉండరు. ఆమె లేచి పెరట్లోకి వెళ్లి, అప్పటికే కడిగి బోర్లించిన గ్లాసులన్నీ మళ్లీ కడిగింది. తర్వాత వచ్చి నాన్న మంచం పక్కన కింద కూర్చుంది.

"తమ్మీ, నేను ఉత్తగనే ఆగిన."

నాన్న అంతా విన్నాడు. "ఏమైతది అక్కా. ఇచ్చిన మాట మీద ఉన్నవ్."

"ఎవ్వలకిచ్చిన మాట? ఆళ్లకే యాదిల్లేదు. నీ ఊపిరి పాయె."

నాన్న చేయి చాచి ఆమె తలమీద పెట్టాడు. చిన్నవాడు పెద్దదాని తల నిమరడం మా ఇళ్లలో చూడం. "నాది పోయిందేదో పోయింది. నా జాగల ఇప్పుడు ఒక పిలగాడున్నడు. ఆనికి ఇద్దరు ఆడపిల్లలు. ఇగ ఎవ్వల్ని అడిగేదుంది? జెయ్యరాదు," అన్నాడు.

మర్నాడే డ్రాయింగ్ బోర్డు మళ్లీ పనిలోకి వచ్చింది. నేను సెలవు దొరికినప్పుడల్లా వెళ్లేదాన్ని. బస్టాండ్ వైపు వెల్డింగ్ షాపు భాయ్ ఒకాయన ఆమెకు తోడయ్యాడు. మొదట బొమ్మ చూసి, "మేడం, గిన్ని గీతలేందమ్మా, పరేషాన్ జేస్తున్నరు. జర నోటితోని చెప్పుండ్రి," అన్నాడు. ఆమె షాపు నేల మీద సుద్దముక్కతో అసలు సైజులో గీసి చూపించింది. "గిప్పుడైంది," అని, ఆ గీతల మీదే ఇనుప పట్టీలు పరిచి వెల్డింగ్ మొదలుపెట్టాడు. రబ్బరు కోసం చిరిగిపోయిన పాత బెల్టు ముక్క సేటు దగ్గరే దొరికింది. సేటు ఒకే షరతు పెట్టాడు. "మాల్ తక్కువొస్తే పీకేస్త అమ్మా. నారాజ్ కావద్దు."

బిగించిన రోజు పని చేయలేదు. కంకర పలకను రాసుకుంటూ జారిపోయింది తప్ప పలక లేవలేదు. ఒక చుక్క నీరు రాలేదు. కూలీలు నవ్వారు. సేటు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అత్తమ్మ ముఖం చూడటానికి భయపడ్డాను. ఆమె వంగి పలక కింద చేయి పెట్టి బరువు చూస్తోంది. "ఇనుప రాయికి గీసిన పలక ఇది. మన కంకర తేలిక గద!" అంది నాతో, ఏదో దొరికినట్టు. "పని జేసే మిషిన్ ఏం జెప్పది బిడ్డా. ఆగినప్పుడే జెప్తది."

పలుచటి రేకుతో మళ్లీ చేయించింది. ఈసారి పలక లేచింది కానీ పడలేదు. నీళ్లు ఆగకుండా కారి, బెల్టు బురదైంది. సేటు వెళ్లిపోయాడు. పలక వాలేంత బరువు కోసం ఆమె దాని అడుగున నట్లు ఒక్కొక్కటే బిగిస్తూ, విప్పుతూ, మళ్లీ బిగిస్తూ ఎండలో కూర్చుంది. భాయ్ గొడుగు తెచ్చి పట్టుకున్నాడు. ఆ తర్వాత ఒకరోజు నాకు ఫోన్ చేసి, "తమ్మున్ని తీస్కరా," అంది. 

నాన్నను ఆటోలో తీసుకెళ్లాం. అమ్మ కూడా వచ్చింది. మిషన్ నడుస్తోంది. కంకర పడగానే పలక లేచింది, వెంటనే మంచులాంటి తుంపర విచ్చుకుంది. రాయి ఆగితే పలక వాలి, రబ్బరు ముక్క నాజిల్ మూతి మీదుగా ఒకసారి జారింది. నాన్న ఎన్నో ఏళ్లు నిలబడిన చోటికి వెళ్లి నిలబడ్డాడు. బెల్టు అవతల ఒక నడివయసు మనిషి నిలబడి నాన్నను చూసి చేయి ఊపాడు.

"అక్కా," అన్నాడు నాన్న, "అవతలి మనిషి మొఖం కనవడ్తుంది."

అత్తమ్మ తల అటు తిప్పుకుంది. ఆ సాయంత్రం మా అమ్మ సర్వపిండి చేసి, మొదటి ముక్క తీసుకెళ్లి ముందుగదిలో పెట్టింది. "తిను వదినా. వేడిగున్నప్పుడే తినాలె," అని అక్కడే కూర్చుంది.  మర్నాటి నుంచి అమ్మ ఆమె తలకు నూనె పెట్టడం మొదలైంది. చివరిదాకా పెట్టింది.

దుమ్ము పూర్తిగా పోలేదు. పోతుందని ఆమె కూడా అనలేదు. గాలి ఎదురుతిరిగిన రోజున ఇప్పటికీ లేస్తుంది. కానీ సేటు పలక పీకలేదు. కుల్కచర్ల వైపు నుంచి ఒకతను వచ్చి చూసుకుని వెళ్లాడు. సరిహద్దు అవతలి నుంచి ఒకాయన వచ్చి, "అక్కా, నమగూ బేకు," మాకూ కావాలి అంటే, గనుల్లో నేర్చిన కన్నడంలో "కొడ్తీని, కూత్కో," ఇస్తాను కూర్చోమని బోర్డు ముందు కూర్చోబెట్టుకుంది. అడిగినవాళ్లకల్లా బొమ్మ గీసి ఇచ్చింది. అయితే ఒక్కో చోటి రాయి చూడకుండా ఇచ్చేది కాదు. పిడికెడు కంకర తెమ్మనేది, అరచేతిలో ఎగరేసి బరువు చూసి, అప్పుడు పలక మందం రాసేది. తెలిసినవారొకరు దీన్ని మీ పేరు మీద రాయించుకోవచ్చు కదా అంటే, "అందరిదైనంక మల్ల ఒక్కరిదెట్లయితది?" అని నవ్వింది. నాయనమ్మ ఉంటే బాగుండేదని నాకనిపించింది.

ఆమెను సాగనంపే రోజున కంకర మిషన్‌లో ఒక పూట పని ఆపారు. కూలీలు ముఖాలు కడుక్కుని, తలలు దువ్వుకుని వచ్చారు. వాళ్లలో చాలామందికి ఆమె ఏ కంపెనీలో పనిచేసిందో తెలియదు. "తుంపరమ్మ" అంటున్నారు. ఆ పేరు మా ఇంట్లో ఎవరికీ అప్పటిదాకా తెలియదు. భాయ్ వాకిట్లో ఒక మూల నిలబడి, "ఇంకో డిజైన్ గీస్తనన్నది మేడం," అని మాత్రం అన్నాడు. పెద్దసార్‌కు నేనే ఫోన్ చేసి చెప్పాను. నాన్న సంగతి ఆయనకు ఇప్పటికీ చెప్పలేదు. ఆమె చెప్పకూడదనుకుంది కాబట్టి.

ఆమెకు నేను ఏమిచ్చాను అని ఈ రోజుల్లో ఆలోచిస్తున్నాను. ఏమీ తట్టటం లేదు. నాకిచ్చినవి మాత్రం ఎక్కడ పడితే అక్కడ కనిపిస్తున్నాయి. క్లాసులో ఒక పిల్ల మొండికేస్తే ఇంకో దిక్కుకెళ్లి చూడాలనిపిస్తుంది. సగమైనా చూస్తున్నాను.

దినాలు అయ్యాక నాన్న, "ఒక్కపారి మిషిన్ కాడికి పోదాం బిడ్డా," అన్నాడు. మేం వెళ్లేసరికి మధ్యాహ్నమైంది. పక్కన కంది చేను పసుపుపచ్చగా పూసి ఉంది. ఇదివరకు కూలీలు అన్నం తినాలంటే రోడ్డు దాటి దూరంగా వెళ్లేవారట. ఆ రోజు నలుగురైదుగురు బెల్టుకు కొంచెం ఎడంగానే బండల మీద కూర్చుని టిఫిన్లు విప్పుకుంటున్నారు. మిషన్ నడుస్తూనే ఉంది. ఒకామె నాన్నను గుర్తుపట్టి జరిగి చోటిచ్చింది. "కూసో పెద్దయ్యా, ఇంత తిను," అని జొన్నరొట్టె మీద పచ్చడి వేసి చేతికిచ్చింది.

నాన్న కూర్చున్నాడు. రొట్టెను ఒక అరచేతిలో పెట్టుకుని, రెండో అరచేతిని దానిమీద దుమ్ము పడకుండా గొడుగులా పట్టాడు. ఆ చోట కూర్చుంటే ఆ చేయి తనంత తానే అలా వెళ్లింది. కంకర పడుతోంది, పలక లేస్తోంది, తుంపర విచ్చుకుంటోంది. నాన్న కాసేపు అటు చూశాడు. తర్వాత పైచేయి తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. రొట్టె మీద ఎండ పడింది.